తపస్సు కాలానికి తలకిందుల సలహాలు

విభూతి బుధవారం నుదుటిన బూడిదతో గుడి బయటికి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈసారి ఏం మానేస్తున్నారు? ఏమీ మానకండి. శుక్రవారాల్లో మాంసం మానడం, విభూతి బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసాలు సరే, అవి ఫాదర్ గారు చెప్పినట్టే చేయండి. టీ మాత్రం మానొద్దు. మానేస్తే నలభై రోజులూ ధ్యాసంతా దాని మీదే. ఫోన్ అవతల పడేసి, కూర్చుని, గ్లాసు వేడి వేళ్లకు తగులుతుండగా తాగండి. ఆ కాసేపూ ప్రార్థనే.

ప్రార్థనకని వేరే గది వెతకొద్దు. పదిహేడో శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ ఏళ్ల తరబడి వంటింట్లోనే పనిచేశాడు. ఆ సందడిలోనూ దివ్యసత్ప్రసాదం ముందు మోకరించినంత నెమ్మదిగా దేవుడితో ఉండగలనన్నాడు. 1691లో ఆయన చనిపోయాక ఆ మాటలూ ఉత్తరాలూ పుస్తకమయ్యాయి. కాబట్టి మాడిన గిన్నె ముందేసుకున్నప్పుడు ప్రసంగాలు పెట్టుకోకండి, పాటలూ వద్దు. పీచు గరగర వినండి. నల్లటి మాడు కింద నుంచి గిన్నె మెరుపు కాస్త కాస్తగా బయటపడటం చూడండి. ఇంట్లో అందరూ తిన్న అన్నం ఇందులోనే ఉడికిందని అప్పుడు తడుతుంది.

సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలూ పూర్తి చేయాలన్న పట్టుదల వదిలేయండి. ఆరో స్థలంలో, వెరోనిక ముఖం తుడిచే చోట మనసు ఆగిందా, అక్కడే ఉండిపోండి. గుంపు వెళ్లనీ.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది: కృతజ్ఞతలు డైరీలో రాసుకోవద్దు. అవతలి మనిషికి చేరనిది కృతజ్ఞత ఎలా అవుతుంది? లూకా సువార్తలో బాగైన పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చింది ఒక్కడే, సమరయుడు. వచ్చినవాడు గొంతెత్తి చెప్పాడు. తెల్లారకముందే గుడి ఊడ్చి చాపలు పరిచే అమ్మ ఎవరో కనుక్కోండి. మొదటి పాట తప్పినా ఫరవాలేదు, గుమ్మం దగ్గరే ఆపి చెప్పండి: "పెద్దమ్మా, చాపల కింద ఒక్క చీమ లేకుండా చూస్తున్నావు. మా పిల్లలు హాయిగా కూర్చుంటున్నారు. నీ చేతులు చల్లగుండాలి." ఆమె సిగ్గుపడి "చాల్లేయ్యా" అంటుంది. అయినా వచ్చే వారం మళ్లీ చెప్పండి.

ఆదివారాలు దిగులుగా గడపొద్దు. విభూతి బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు. ఆ పూట కోడికూర వండి, ఒంటరిగా ఉంటున్న పక్కింటి తాతను భోజనానికి పిలవండి.