చూబాకా పతకం

స్టార్ వార్స్ అభిమానుల్లో మూడు శాఖలున్నాయి. విడుదలైన వరుసలోనే చూడాలనేవాళ్లు ఛాందసులు. వాళ్లకి 1977లో వచ్చిందే మొదటి భాగం, తర్వాత్తర్వాత దాని నెత్తిన 'నాలుగు' అని అంకె వేసినా సరే. కథ జరిగిన వరుసలో చూడాలనేవాళ్లు రెండో శాఖ. వీళ్లు 1999లో వచ్చినదాంతో మొదలుపెడతారు. మూడో శాఖవాళ్లు గడుసువాళ్లు. ముందు నాలుగు, ఐదు చూసి, హీరోకి తండ్రెవరో తెలిసి గుండె గుభేలుమన్నాక వెనక్కి వెళ్లి రెండు, మూడు చూసి, ఆరుతో మంగళం పాడతారు. ఒకటో భాగం పుట్టనే లేదని వాళ్ల లెక్క. వడగలై తెంగలై తగువైనా ఏనాటికో కోర్టులో తెగుతుందేమో గానీ, ఇది మాత్రం తెగేది కాదు.

ఇలా తగువులాడుకోడానికి తెలుగులో మనకంత సరుకు లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం ఎక్కి రాయలవారి కొలువు చూసొచ్చాం. 2025 ఏప్రిల్‌లో దానికి మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేస్తే, బట్టతలలేసుకుని వెళ్లి మళ్లీ ఈలలేశాం. రెండో భాగం అదిగో ఇదిగో అని వినడమే. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సగం కథ దగ్గర ఆపి ఇంటికి పంపేసింది. ఒక్కోటే ఉంటే ర్యాంకులెలా వేస్తాం?

అందుకని మా ఐదుగురం స్టార్ వార్స్ మీద పడ్డాం. విశాఖపట్నంలో వీసీఆర్ అద్దెకి తెచ్చి, తెల్లారేలోగా ఎన్ని క్యాసెట్లు చూస్తే అంత లాభం అనుకున్న కాలంవాళ్లం. పేర్లెందుకు, ఉద్యోగాలే మా పేర్లు. స్టీల్‌ప్లాంటు, ఎల్ఐసీ, ఫిజిక్సు, అమెరికా. అమెరికాకి అక్కడ ఉద్యోగమేం లేదు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి ఆరు నెలలు మనవడిని ఎత్తుకుని, మిగతా ఆరు నెలలు మా దగ్గర అక్కడి సంగతులు చెప్తుంటాడు. ఐదోవాణ్ణి నేను, రాసేవాణ్ణి కాబట్టి మార్కుల పుస్తకం నా చేతికిచ్చారు.

వలిసెలు పూసే రోజుల్లో అందరం అరకు వెళ్లి, తొమ్మిది భాగాలూ మళ్లీ వేసుకుని, మళ్లీ మార్కులేసుకోవడం ఆనవాయితీ అయింది. అరకే ఎందుకంటే, చలి. రగ్గు కప్పుకుని సినిమా చూసే భాగ్యం విశాఖపట్నంలో ఎక్కడిది? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు అరకు కాస్తా పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిపోయింది. మావాళ్లకి అదింకా మింగుడు పడలేదు, 'మా అరకు' అనడం మానలేదు.

కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కుతూ సొరంగంలోకి దూరినప్పుడల్లా ఎల్ఐసీ 'హైపర్‌స్పేస్!' అని కేక పెడతాడు. పెట్టెలో పిల్లలందరూ ఎలాగూ గోల పెడతారు కాబట్టి ఈ షష్టిపూర్తి పెళ్లికొడుకుని ఎవరూ పట్టించుకోరు.

ఈసారి దిగింది డుంబ్రిగుడ వైపు ఒక మాస్టారి ఇంట్లో. ఆశ్రమ పాఠశాలలో పనిచేసి రిటైరై, ఉన్న ఇంటికి రెండు గదులు కలిపి టూరిస్టులకిస్తున్నారు. బడిలో ఆయన ఏం చెప్పేవారో మేం అడగలేదు. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. ముంగిట్లో టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. మాస్టారు అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి వాటిని కాలితోనే తిరగేస్తుంటారు. పైన మేడిపండు రంగు, కింద నలుపు. అమెరికా ఆ పళ్లని ఫోటో తీసి, ఈ కాఫీకి పారిస్‌లో దుకాణం ఉందని మాస్టారికే చెప్పాడు. "అవునంట బాబూ" అన్నారాయన.

గోడకి తెల్ల దుప్పటి కొట్టి ప్రొజెక్టర్ పెట్టాం. మాస్టారు వాకిట్లో మంట వేసి, మా రాత్రి భోజనం చూసుకుంటూ అక్కణ్ణుంచే తెర వైపు ఒక కన్ను వేసేవారు. కోడిమాంసం కారం, ఉప్పు పట్టించి పచ్చి బొంగులో కూరి, మూతికి అడ్డాకు దోపి, నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతుండాలి. తిప్పడం ఆపితే ఒక పక్క మాడుతుంది. బొంగు నల్లబడి, అడ్డాకు పక్కనుంచి ఆవిరి బుసకొట్టిందంటే అయినట్టే. మావాళ్లు తెర మీద గ్రహాలు పేలుతున్నా ఆ బుస కోసమే చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లు.

మొదటి ర్యాంకుకి పేచీ లేదు. 1980లో వచ్చిన 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్', హీరో చెయ్యి తెగి ఓడిపోయే కథ. అందరం పదికి తొమ్మిదికి తగ్గకుండా వేశాం. కొత్త మూడింటి మీద పావుగంట తిట్లు, తర్వాత కాఫీ.

అసలు పేచీ ఆరో భాగం దగ్గర. 1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ద జెడై'. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎండోర్ అని ఒక అడవి. అందులో ఎవాక్‌లని ఎలుగుపిల్లల్లాంటి పొట్టి జనం. సామ్రాజ్యం సైన్యం అక్కడ తిష్ట వేసి తన మహాయంత్రానికి కావలి కాస్తుంటుంది. ఎవాక్‌లు రాళ్లు, విల్లంబులు, ఉచ్చులు, దొర్లే దుంగలతో ఆ సైన్యాన్ని మట్టికరిపిస్తారు. రెండు కాళ్ల మీద నడిచే ఇనప యంత్రం ఒకటి వస్తుంటే, తాళ్లకి కట్టిన రెండు దుంగలు చెరో పక్కనుంచి ఊగొచ్చి దాని తలకాయని అప్పడం చేస్తాయి.

ఆ ఘట్టానికి మాస్టారు మంట దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చారు. "ఆ దుంగల ముక్క మళ్లీ ఓసారి వేస్తారా బాబూ?" రెండు రాత్రుల్లో ఆయన అడిగింది అదొక్కటే. మావాళ్లు నవ్వుకుంటూ మళ్లీ వేశారు.

"మూడు మార్కులు," అన్నాడు ఫిజిక్సు. "విల్లంబులతో సామ్రాజ్యాన్ని ఓడిస్తారట్రా! కథ అయినా నమ్మేలా ఉండొద్దూ?"

"బొమ్మలమ్ముకోడానికి పెట్టారొరే," అన్నాడు ఎల్ఐసీ. "మొదట వూకీలని పెడదామనుకున్నాడు జార్జ్ లూకాస్. చూబాకా ఉన్నాడు కదా, ఆ జాతి. తర్వాత వాళ్లని సగానికి కోసి ఎవాక్‌లన్నాడు."

"వాడి మనసులో ఉన్నది వియత్నాం," అన్నాను. "2018లో జేమ్స్ కామెరాన్‌తో మాట్లాడుతూ వాడే చెప్పాడు. అడవిలో ఉండేవాళ్లు పెద్ద సైన్యాన్ని ఎలా తరిమారో చూసి రాసుకున్నాడు."

"వియత్నాం సంగతి వేరు. వాళ్లకి రష్యా తుపాకులిచ్చింది," అన్నాడు స్టీల్‌ప్లాంటు. "ఇక్కడ ఎవడిచ్చాడు? ఉత్త అడవి మనుషులు. ఎక్కడైనా జరిగిందా?"

జరగలేదని నలుగురూ తీర్మానించి మూడున్నర దగ్గర ఖాయం చేశారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. మాస్టారు బొంగు తిప్పుతున్నారు.

భోజనాలయ్యాక పతకం పోటీ. దీని కథ కొంచెం చెప్పాలి. 1977 బొమ్మ చివర్లో రాకుమారి కొలువుతీర్చి, యుద్ధం గెలిపించిన ఇద్దరు వీరుల మెళ్లో పతకాలు వేస్తుంది. వాళ్లతో సమానంగా ప్రాణాలకి తెగించి, వాళ్ల పక్కనే నడిచొచ్చిన చూబాకాకి మాత్రం వేయదు. ఒంటినిండా జుట్టున్నవాడు, అడవుల గ్రహంవాడు, వాడికెందుకనుకుందో ఏమో. ప్రపంచంలోని స్టార్ వార్స్ అభిమానులు ఈ అన్యాయాన్ని ఏళ్ల తరబడి నెమరేశారు. 1997లో ఒక అవార్డు సభలో రాకుమారి వేషం వేసిన కారీ ఫిషరే వచ్చి చూబాకా మెళ్లో పతకం వేస్తే హాలంతా లేచి నిలబడింది. కథలో మాత్రం వాడికి పతకం దక్కింది 2019లో, తొమ్మిదో భాగం చివర. నలభై రెండేళ్లకి. ఆ వేషం కట్టిన పీటర్ మేహ్యూ అదే ఏడాది ఏప్రిల్‌లో కన్నుమూశాడు, బొమ్మ డిసెంబరులో వచ్చింది.

ఈ ముక్క చెప్పేటప్పుడు స్టీల్‌ప్లాంటుకి ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. కురుపాం మార్కెట్లో ఇత్తడితో ఒక పతకం చేయించింది వాడే. క్విజ్జు గెలిచినవాడు దాన్ని ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకోవచ్చు. ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కోవడం, ఫోన్లు ముట్టుకోకూడదు. ఆరో భాగంలో 'ఎవాక్' అనే మాట ఎన్నిసార్లు వినిపిస్తుంది? ఒక్కసారీ వినిపించదు, చివర్లో పేర్ల పట్టీలో తప్ప. ఇలాంటివి మాకు మంచినీళ్లు. రాత్రి పదకొండు దాటేసరికి అమెరికా, స్టీల్‌ప్లాంటు సమానంగా నిలిచారు.

"మాస్టారూ, మీరొక చీటీ తీసిపెట్టండి," అన్నాడు ఎల్ఐసీ.

"చీటీ ఎందుకు బాబూ? నేనొక ప్రశ్న అడుగుతాను. ఎవరు చెప్తే వాళ్లకివ్వండి."

మావాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. పాపం, రెండు రాత్రులు మాతోపాటు మేలుకున్నారు. సరే అడగమన్నాం.

మాస్టారు చేతులు తుడుచుకుని గడప మీద కూర్చున్నారు. "అడవిలో పుట్టినోడు. విల్లంబులు, పోలీసుల దగ్గర లాక్కున్న తుపాకులతో సామ్రాజ్యం సైన్యం మీద తిరగబడ్డాడు. పట్టుకున్నారు. ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని తగ్గించి, సముద్రం మధ్య దీవిలో ఉన్న జైలుకి పంపారు. బతికొచ్చాడు. ఆ సామ్రాజ్యం పోయాక, దేశానికంతటికీ పెద్దదైన సభలో మెంబరై కూర్చున్నాడు. ఎవరు?"

"టార్ఫుల్!" అన్నాడు అమెరికా. "వూకీల నాయకుడు. 2005 బొమ్మ."

"వాడు సభకెక్కడెళ్లాడ్రా? సభలో కూర్చున్న వూకీ యారువా. 1999 బొమ్మలో ఒక్క క్షణం కనిపిస్తాడు," అన్నాడు స్టీల్‌ప్లాంటు.

"యారువా జైలుకెళ్లలేదు. జైలంటే చూబాకాయే. 'సోలో' బొమ్మలో బురద గోతిలో గొలుసేసి ఉంచుతారు," అన్నాడు ఫిజిక్సు.

"మరి దీవేది? ఉరిశిక్షేది?"

"కామిక్సు పుస్తకాల్లో ఉంటుందేమో."

మాస్టారు ఓపిగ్గా విన్నారు. "క్లూ కావాలా బాబూ? ఆ సభకి ఆయన్ని గెలిపించి పంపింది మీ ఊరోళ్లే."

"మా ఊరా?" ఎల్ఐసీ నవ్వాడు. "మాస్టారు ఏ భాగాన్నో ఇంకో భాగంతో కలిపేశారు."

అమెరికా ఆయన భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు. "మాస్టారూ, తొమ్మిదింటిలోనూ అలాంటి పాత్ర లేదండీ. అడవి మనిషి సామ్రాజ్యంతో పోరాడటం, ఉరి తప్పించుకుని సభలో కూర్చోవడం. అలా తీస్తే ఎవరూ నమ్మరని వాళ్లే తీసుండరు."

"సినిమాలో లేడు బాబూ," అన్నారు మాస్టారు. "గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డ గంటందొర తమ్ముడు. 1952లో మొదటి లోక్‌సభకి మీ విశాఖపట్నం గెలిపించిన ఇద్దరు ఎంపీల్లో ఒకాయన."