వీపు వెనక వ్యూహం

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊరి పేరులోకి విజయం వచ్చింది గానీ, సాయంత్రం పూట టెన్నిస్ కోర్టులోకి ఇంకా రాలేదు. మనవాళ్లకు ఎత్తుగడలు తెలియవనుకునేరు. తెలుసు, మోయలేనన్ని.

డిసెంబరులో ఇక్కడ అయిదింటికల్లా పొద్దుగూకుతుంది. ఆఫీసు నుంచి కోర్టుకి చేరేసరికి మిగిలే వెలుగే కాస్త, అందులో సగం మంతనాలకే సరి. "మాస్టారూ, ఈ గేము ఐ ఫార్మేషన్ వేసేద్దామా?" అంటాడొకాయన. అనడమేమిటి, నెట్టు దగ్గర నడిగీత మీద గొంతుక్కూర్చుని, వీపు వెనక రెండు వేళ్లు చూపిస్తాడు. రెండంటే కుడికి దూకడమా, ఎడమకా? అది ముందు అనుకోలేదు. సర్వీసు నెట్టులో పడింది. రెండో సర్వీసుకి మూడు వేళ్లు. డబుల్ ఫాల్ట్! రహస్యం మాత్రం అవతలి జట్టుకి పొక్కలేదు, అంతవరకు మెచ్చుకోవాల్సిందే.

టీవీలో కనిపించే జోడీలు వేళ్లు చూపిస్తారంటే, వాళ్ల మొదటి సర్వీసు పదింట ఆరుసార్లయినా లోపల పడుతుంది గనక. ఆ ఆరు లేకుండా వేళ్లెన్ని చూపించి ఏం లాభం?

సింగిల్స్ వీరులది ఇంకో జబ్బు. ప్రతి బంతినీ లైను వెంట కొట్టి ఈల వేయించుకోవాలి. నెట్టు మధ్యలో మూడడుగులు, గుంజల దగ్గర మూడున్నర. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్‌లో మూల నుంచి మూలకైతే ఎనభై రెండున్నర. అంటే క్రాస్‌కోర్ట్ కొట్టేవాడికి నెట్టు ఆరంగుళాల దాకా తగ్గి, కోర్టు నాలుగున్నర అడుగుల దాకా పెరుగుతుంది. ఆషాఢం సేల్‌లో కూడా ఇంత తగ్గింపు ఇవ్వరు! అయినా మనవాడు పూర్తి ధర చెల్లించే ఆడతాడు. పైగా ఈ ఊరి తేమకి బంతి బరువెక్కి, టీవీలో దూసుకుపోయే దెబ్బ ఇక్కడ నడిచి వెళ్తుంది.

ఎదురుగా ఒకప్పటి రాస్ ద్వీపంలో తెల్లదొరల టెన్నిస్ కోర్టు పాడుబడి ఉంది. ఆ ద్వీపం నిండా జింకలు. మన బంతుల కంటే అవే ఎక్కువసేపు గీతల లోపల ఉంటాయి.

ఫెదరర్ 2024లో ఒక కాలేజీ స్నాతకోత్సవంలో తన లెక్క తనే చెప్పాడు: 1,526 సింగిల్స్ మ్యాచుల్లో దాదాపు 80 శాతం గెలిచాడు, పాయింట్లలో మాత్రం 54 శాతమే. నూటికి 46 పోగొట్టుకున్నవాడు మహానుభావుడయ్యాడు. మనవాడికి నూటికి నూరూ అద్భుతాలే కావాలి.

డబుల్స్‌లో ఇద్దరి మధ్యకి కొట్టడం నామోషీ అట, లాబ్ పిరికితనమట. మధ్యకి కొట్టి చూడండి. "మీరు కొట్టండి", "అబ్బే, మీరే కానివ్వండి" అని అవతలివాళ్లు మర్యాదలు చేసుకునేలోగా పాయింటు మనది. ఏ బంతి ఎవరిదో తెలిసిన జోడీకి ఈ మర్యాదల బెడద ఉండదు. 2015లో మన హైదరాబాదు సానియా, హింగిస్ వింబుల్డన్ ఫైనల్ మూడో సెట్లో 2–5తో వెనకబడి కూడా గెలిచారు. సానియా ఫోర్‌హ్యాండ్‌తో వెనక నుంచి బాదడం, హింగిస్ నెట్టు దగ్గర కాచుకోవడం, ఎవరి పని వారిది.

కాబట్టి అయ్యలారా, ఉన్న వెలుగులో సగం రెండో సర్వీసుకీ సగం క్రాస్‌కోర్ట్‌కీ కేటాయించండి. వ్యూహాలు చీకటి పడ్డాక టీ కొట్టు దగ్గర పన్నుకోవచ్చు. అక్కడ నెట్టు ఉండదు.