కెమెరాకంటి వైద్యము

అమీర్‌పేటలో నేర్పబడని విద్య లేదు. మైత్రీవనము చుట్టును ఒకదానిపై నొకటిగా వ్రేలాడు బోర్డులను చదువుటకై తల పైకెత్తినవాడు, జావాయో పైథానో నేర్వక పూర్వమే మెడనొప్పిని సంపాదించుకొనును. అట్టి బోర్డులలో నొకదాని క్రింద క్లౌడు కోర్సు చదువుచు, ఆదివారములందు మా యింట భుజించు నా మేనల్లుడు, నా సెల్‌ఫోనులో ఏదో యాప్ దించి, "మామయ్యా, బీపీ కోసం ఇక పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదు. కెమెరా మీద వేలు పెట్టు, చాలు" అని సెలవిచ్చెను.

ఫ్లాషు వెలుగులో వ్రేలికొన ఎర్రబడును. గుండె కొట్టుకొన్నప్పుడెల్ల అందులోని రక్తము రవంత హెచ్చి తగ్గుటచే, ఆ యెరుపులో మన కంటికానని మార్పు కలుగును. కెమెరా దానిని పట్టును. దీనికి ఫోటోప్లెథిస్మోగ్రఫీ యని పేరు. ఈ పేరును తడబడక పలికినవానికి బీపీ లేదని నిశ్చయింపవచ్చునని నా యభిప్రాయము. ఈ పద్ధతిలో నాడి లెక్క బాగుగనే తెలియును. కాని నాడి యెన్నిమార్లు కొట్టుకొన్నదో యెరుగుట వేరు, రక్తము నాళపు గోడలను ఎంత బలముతో త్రోయుచున్నదో యెరుగుట వేరు. దండకు పట్టీ చుట్టి, గాలి నింపి, ప్రవాహము నాపి, మెల్లగా వదలుచు, 1905లో కొరొట్కాఫ్ అను రష్యా వైద్యుడు లోకమునకు చెప్పిన ఆ చప్పుళ్ళను వినుట పాత పద్ధతి. కెమెరా దేనిని బిగింపదు, దేనిని ఆపదు, చూచి, ఊహించును.

ఆ యూహ యెట్టిదో అమెరికావారు మనకన్న ముందే చవిచూచిరి. అచ్చట 2014లో 'ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్' అను యాప్ వెలసినది. కెమెరాపై వ్రేలుంచి, ఫోనును ఎడమ రొమ్మున కానించుకొనవలెను. ఎర్రగీత, నీలిగీత కలియు మన అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఎవడైన నట్లు నిలిచినచో, జాతీయగీతమేమో యని వెనుకవారును నిలిచిపోవుదురు. అధిక రక్తపోటు గలవారిలో నూటికి 77 మందికి పైగా దోషమేమియు లేదని అది పలికినట్లు 2016లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు తేల్చిరి. రాజునకు ప్రియమైన ఫలమునే చెప్పు ఆస్థానజ్యోతిష్కునికిని దీనికిని భేదమేమి? ఆ యేడే అచ్చటి వాణిజ్య సంఘము వ్యాజ్యము వేసి, సంస్థ యజమాని తన యాప్‌నకు తానే ఐదు నక్షత్రములు ఇచ్చుకొనెనని కూడ ఆరోపించినది. ఆ వినయమునకు నేను ముగ్ధుడనైతిని.

మన హైదరాబాదు నగరమును వెనుకబడలేదు. 2025 మే నెలలో నిలోఫర్ ఆసుపత్రిలో, ముఖమును కెమెరాకు చూపిన చాలును, సూదిపోటు లేకయే రక్తపోటు మొదలు హిమోగ్లోబిన్ వరకు తెలుపుదుమను సాధనమును ప్రవేశపెట్టిరి. మంచిదే, సూదిని చూచి యేడ్చు పసివారి పక్షమున నేనును సంతసించితిని. అయినను, పట్టీపెట్టెను ప్రక్కనుంచి, పెక్కుమందిపై సరిపోల్చి చూచినగాని, నా ముఖమును నమ్ముటకు నాకే ధైర్యము చాలదు. పంజాగుట్ట నిమ్స్‌లో నర్సమ్మ "మాట్లాడకండి, చెయ్యి వదులుగా పెట్టండి" అని గద్దించి చెప్పిన అంకె చేదుగనే యుండును, కాని అది నా అంకె.

మేనల్లుడు ఈ వాదమునకు లొంగలేదు. అంతట మా యావిడ వంటింటినుండి ఎర్రని టమాటా నొకటి తెచ్చి, ఫోనుకన్నుపై మోపి పట్టుకొన్నది. యంత్రము క్షణకాలము ధ్యానించి, 118/76 అని ప్రకటించెను.

"ఇంట్లో ఎవ్వరికీ లేనంత మంచి బీపీ!" అని ఆమె దానిని భద్రముగా ప్రక్కనుంచి, పప్పులోకి వేరొక టమాటా తరిగినది.