తేనెపిట్టకు ప్లాన్ అప్రూవల్ ఏదీ?

రాజమహేంద్రవరం కోరుకొండ రోడ్డు అపార్ట్‌మెంటు సంఘం వారి సర్క్యులర్ ఈపాటికి మీ వాట్సాప్‌లోనూ తిరిగే ఉంటుంది. బాల్కనీల్లో పక్షులు గూళ్లు కట్టరాదు. కట్టినచో తొలగించబడును. ఖర్చు ఫ్లాటు యజమానే భరించవలెను. ముంబైలో పావురాల దాణా గొడవ 2025లో హైకోర్టు దాకా వెళ్లడం మనవాళ్లు టీవీలో చూశారు. పావురం రెట్టలతో ఊపిరితిత్తులకు చేటన్నది నిజమే. ఆ పద్దు తెచ్చి పది గ్రాములు తూగని తేనెపిట్ట ఖాతాలో రాశారు.

అయినా సంఘం మాటలో న్యాయం లేకపోలేదు. తేనెపిట్టది పచ్చి అక్రమ కట్టడం. బట్టలారేసే తీగే దానికి పునాది. ఇనుము లేదు, సిమెంటు లేదు. సాలెగూటి దారాలు, గడ్డిపోచలు, బెరడు పీచు కలిపి అల్లి వేలాడదీస్తుంది. పక్కకో గుమ్మం, దానిపైన బుల్లి చూరు. ఆ చూరు పక్క ఫ్లాటు వైపు పొడుచుకొచ్చింది. సెట్‌బ్యాక్ ఏదండీ? పని మొత్తం ఆడపిట్టదే. మగపిట్ట పుల్ల ముట్టదు. ఎండలో ఊదారంగు మెరిపిస్తూ పైన కూర్చుని కూతలు కూస్తుంది, అచ్చం కాంట్రాక్టరే.

కాబట్టి పిట్ట ముందుగా పట్టణాభివృద్ధి సంస్థ (రుడా) ఆఫీసులో ప్లాను పెట్టుకోవాలి. లైసెన్సున్న ఇంజినీరు (ఎల్‌టీపీ) సంతకం, ఫైర్ ఎన్‌ఓసీ, చివర్న ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గుడ్లు పొదగడానికి పట్టేది రెండు వారాలు. ఫైలు ఒక టేబుల్ దాటేలోపు పిల్లలు ఎగిరిపోతే ఆక్యుపెన్సీ ఎవరి పేరనివ్వాలి? కోయిలది ఇంకా పెద్ద కేసు. కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది, అంటే దొంగ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ). 2018 నుంచి రాష్ట్ర పక్షి హోదా వెలగబెడుతున్న రామచిలుక ప్రభుత్వ కోటాలో ఫ్లాటు అడిగినా అడుగుతుంది. కోరుకొండ నరసింహస్వామి స్తంభం చీల్చుకుని వచ్చింది కృతయుగంలో కనుక సరిపోయింది. అప్పుడు ఈ సంఘం ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్ అడిగేది.

ఇక వేళాకోళం చాలు. మూడో అంతస్తు తీగ మీది గూటిని బూజుకర్రతో లాగేశారు. అందులో రెండు గుడ్లున్నాయి. బూడిదరంగు చుక్కలతో, చిటికెన వేలి గోరుకు కాస్త పెద్దవి. గచ్చు మీద పడి పగిలితే తడిగుడ్డతో తుడిచేశారు. ఆ పిట్టను పిలిచిందెవరు? కడియం నర్సరీ నుంచి మందార కుండీ తెచ్చి బాల్కనీలో పెట్టింది మనం. పువ్వు కావాలి, పువ్వు కోసం వచ్చే ప్రాణి వద్దు! మామిడితోట నరికి, ప్లానులో లేని అంతస్తు వేసుకుని, అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం (బీపీఎస్)లో డబ్బు కట్టి సక్రమం చేయించుకున్న మనమా దానికి అక్రమ కట్టడమని నోటీసిచ్చేది? సిగ్గుండాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి గూడు కదిపినా, గుడ్డు పాడుచేసినా అది వేటే. మన అసోసియేషన్ తీర్మానాలు ఆ చట్టానికి పైన లేవు. సెక్రటరీ గారూ, సర్క్యులర్ వెనక్కి తీసుకోండి. ఫ్లాటువాసులారా, మీ తీగ మీద గూడు కనబడితే ఒక్క నెల బట్టలు ఇంకోచోట ఆరేసుకోండి.