తరువాయి వచ్చే నెల

కృష్ణా డెల్టాలో పుస్తకాలు చదివి పెరిగిన ప్రతివాడి బతుకులోనూ ఆఖరి పేజీ చిరిగిపోయిన డిటెక్టివ్ నవల ఒకటి ఉంటుంది. అద్దె పుస్తకాల షాపువాడు అద్దె పుచ్చుకున్నాడే కానీ హంతకుణ్ని అప్పగించలేదు. హంతకుడెవరో తెలియకుండానే పెళ్లిళ్లు చేసుకున్నాం, పిల్లల్ని కన్నాం, రిటైరయ్యాం. ఆ పుండు మానిందనుకుంటుండగా బెజవాడ ఏలూరు రోడ్డులో ఒక పాత పుస్తకాల బండి మీద నాకు నెక్సస్ దొరికాడు.

పరదేశం నుంచి తూకానికి వచ్చే పాత పుస్తకాల్లో కొట్టుకొచ్చిన ఇంగ్లీషు బొమ్మల కథ. మొదటిదీ కాదు, చివరిదీ కాదు, మధ్యదెక్కడిదో. ఆఖరి పేజీలో హీరోగారు ఒక దుర్మార్గుడి మీదికి బయల్దేరతారు. మిగతాది వచ్చే నెలట. ఆ వచ్చే నెల రీగన్ హయాంలోనే వచ్చి వెళ్లిపోయింది. పుస్తకం ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. మేనల్లుడేమో ‘‘ఫోన్లో చూసుకోవచ్చుగా మావయ్యా’’ అంటాడు. ఫోన్లో బొమ్మని వేళ్లతో సాగదీస్తే హీరో ముక్కు కనిపిస్తుంది, యుద్ధం కనిపించదు.

విచిత్రం ఏమంటే, హీరో జబ్బు కూడా నిద్రలేమే. 1981లో అమెరికాలోని మాడిసన్ అనే ఊళ్లో మైక్ బారన్ అనే రచయితా, స్టీవ్ రూడ్ అనే చిత్రకారుడూ కలిసి ఈ కథ మొదలెట్టారు. మార్వెల్, డీసీ లాంటి పెద్దిళ్ల గడప తొక్కకుండా కాపిటల్ కామిక్స్ అనే చిన్న సంస్థ చేత అచ్చు వేయించారు. మొదటి మూడు సంచికలకీ లోపల రంగులు కూడా లేవు, నలుపూ తెలుపూ అంతే. మూడోదానికి మాత్రం ఓ పల్చటి ప్లాస్టిక్ గ్రామఫోను రికార్డు జతచేశారు. రంగులకి లేని డబ్బులు రికార్డుకి ఎక్కణ్నుంచి వచ్చాయో వాళ్లకే తెలియాలి.

కథాకాలం అయిదు వందల ఏళ్ల తర్వాత. హీరో అసలు పేరు హొరేషియో హెల్‌పాప్. జనాన్ని మూకుమ్మడిగా చంపిన నరహంతకులు ఇతనికి కలలోకి వస్తారు. వెళ్లి వాళ్లని చంపేదాకా తలనొప్పి తగ్గదు. లోకోద్ధరణా లేదు, ధర్మ సంస్థాపనా లేదు, తలనొప్పి తగ్గితే చాలు. ఇంత నిజాయితీ ఉన్న హీరోని నేనింతవరకూ చూడలేదు. మొట్టమొదట చంపింది కన్నతండ్రినే. ఆ మహానుభావుడు ఒక గ్రహాన్ని ఏలి, తిరుగుబాటు వచ్చి పారిపోతూ కోటిమందిని మసి చేసి పోయాడు. కొడుకేమో ఇలమ్ అనే ఉపగ్రహం మీద ఉంటూ, దిక్కులేని జనానికి చోటిస్తాడు.

అంతా బాగానే ఉంది కానీ సూపర్ హీరో అనగానే ఆ ముసుగెందుకో! మా డెల్టాలో ముసుగు పనిచెయ్యదు. ఎంత బిగించి కట్టుకున్నా అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ‘‘మొహం సంగతి దేవుడెరుగు, ఆ నడక చూడండర్రా, అచ్చం వాళ్ల తాతే’’ అంటుంది. ఇతనే గనక బెజవాడలో బందరు బస్సెక్కాడనుకోండి, కంకిపాడు రాకముందే పక్కసీటు పెద్దాయన మొదలెడతాడు.

‘‘ఏ ఊరు బాబూ మీది?’’

‘‘ఇలమ్ అండీ.’’

‘‘అమెరికాకి అవతలా, ఇవతలా?’’

‘‘పైనండీ.’’

ఉయ్యూరుకి ఇంటిపేరు, పామర్రుకి గోత్రం బయటపడతాయి. బందరులో దిగేసరికి సంబంధం కూడా సిద్ధం.

‘‘కుర్రాడు గాల్లో ఎగురుతాట్ట.’’

‘‘ఎగిరితే ఎగిరాడు, మాగాణి ఎన్నెకరాలు?’’

‘‘సొంతానికి ఒక చందమామే ఉందటండీ.’’

‘‘కాలవ నీళ్లు అందుతాయా, బోరేనా?’’

‘‘అది కనుక్కోలేదండీ.’’

‘‘ఉద్యోగం?’’

‘‘సొంత వ్యాపారమే. తలనొప్పి వచ్చినప్పుడల్లా వెళ్లొస్తుంటాడు.’’

‘‘తండ్రో?’’

‘‘కాస్త దురుసు మనిషట. ఇప్పుడు లేడు.’’

‘‘పోన్లే, వియ్యంకుడి పీడ లేదు. జాతకం తెప్పించండి.’’

ఆ జాతకం ఏ గ్రహాలతో వేస్తారో ఆలోచిస్తూ ఒక రాత్రంతా గడిపాను. పుట్టిందే వేరే గ్రహం మీదైతే కుజదోషం ఎవరికి? అబ్బాయికా, కుజుడికా? మా పురోహితుడు గారిని అడిగితే నాకేసి అదోలా చూసి, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అన్నారు.

ఇక ఆ దుస్తులు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరిది. బెంజి సర్కిల్లో బనీనే బరువు. ఒంటికి అతుక్కుపోయే ఆ తొడుగు వేసుకుని ఎగిరితే, రాక్షసుణ్ని చంపేలోపు చెమటకాయలు హీరోని చంపుతాయి.

మనవాళ్లకి సూపర్ హీరోలు తెలియక కాదు. 1980లోనే నిమ్మకూరు రామారావుగారు ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో ఎగిరారు. శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. 2024లో ‘హనుమాన్’ వచ్చింది. నలభై నాలుగేళ్లయినా సరఫరాదారు మారలేదు. నెక్సస్‌కి శక్తులిచ్చేవాడు మెర్క్ అనే గ్రహాంతరవాసి. ఇచ్చి ఊరుకోడు, కలలు పంపి పని చేయించుకుంటాడు. మన స్వామి పదకొండు ప్రదక్షిణాలతో సరిపెట్టుకుంటాడు, నయం.

నా ఏడుపల్లా కాగితం గురించి. ఇన్ని ప్రెస్సులున్న ఊరు, పుస్తకాల పండగకి జనం తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చే ఊరు. ఎప్పుడు చూసినా గైడ్లు, టెస్టు పేపర్లు, మోడల్ పేపర్లు, వాటికి జవాబులు. ఇద్దరు కుర్రాళ్లు కూచుని నెలనెలా ఒక బొమ్మల కథ వేసుకుంటామంటే, ముందు ర్యాంకు తెచ్చుకోండర్రా అంటాం. ర్యాంకు వచ్చాక వాళ్లు ఆ మాడిసన్‌కే పోతారు. బొమ్మలు వెయ్యడానికి మాత్రం కాదు.

ముసుగు ఈ డెల్టాలో నిలవదన్నాను కదా, ఒక్క మనిషి విషయంలో నిలిచింది. తెనాలి దగ్గరి పల్లెటూరి నుంచి మద్రాసు వెళ్లి, చందమామ పత్రికలో 1954లో ‘తోకచుక్క’ మొదలుపెట్టి, ఏళ్ల తరబడి సీరియల్ మీద సీరియల్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి వచ్చే నెల ఏమవుతారోనని పోస్టుమాన్ వెనక పరిగెత్తాం. చిత్రా గారి బొమ్మలు కళ్లు మూసుకున్నా కనిపించేవి. కథ మీద మాత్రం దాసరి గారి పేరు ఉండేది కాదు. చందమామే రాస్తుందనుకున్నాం, చిన్నపిల్లలం. బారన్, రూడ్ తమ పేర్లు అట్ట మీద వేసుకున్నారు. కాపిటల్ కామిక్స్ మూతపడితే హీరోని వెంటబెట్టుకుని ఫస్ట్ కామిక్స్‌కి వెళ్లారు, ఎందుకంటే వాడు వాళ్ల సొంతం. దాసరి గారు చివరి రోజుల్లో ఈ ఊళ్లోనే ఉండి, 2010 జనవరిలో పోయారు. నాకు పేపర్లో చూసేదాకా తెలియదు. అంతకుముందు బీసెంటు రోడ్డులో ఎదురుపడినా పక్కకి తప్పుకుని నా దారిన నేను పోయేవాణ్నే.

తరువాయి సంచిక కోసం బండి కుర్రాణ్ని అడిగాను. సింగ్‌నగర్లో గది అద్దెకి తీసుకుని సరుకంతా అక్కడ పెట్టుకున్నాడట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి అటకదాకా నిలబడింది. జనానికి డ్రోన్లతో అన్నం పొట్లాలు వేసిన రోజులు. ‘‘మీరడిగే బొమ్మల పుస్తకాలు అడుగునున్నాయి సార్, ముద్దయిపోయాయి. అటక మీదున్న ఎంసెట్ గైడ్లకి మాత్రం చెమ్మ కూడా తగల్లేదు’’ అన్నాడు.

ఫిజిక్స్ ఒకటి సగం ధరకి ఇస్తాడట.