పనీపాటా లేనివారికి భృతి దేనికి?

ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లను ప్రభుత్వం గుర్తించదని నింద వేసేవాళ్లు ప్రభుత్వ ఉత్తర్వులు సరిగా చదవలేదు. పక్షవాతంతో మంచం పట్టిన మామగారికి ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి, అన్నం కలిపి పెట్టే కోడలి గురించి, వయసొచ్చినా మాటరాని కొడుకును క్షణం వదలలేని తల్లి గురించి మన చట్టాలకు బాగానే తెలుసు. గుర్తింపుకు కొన్ని అర్హతలు పెట్టాయి, అంతే. ఆమె సర్కారు ఉద్యోగైనా కావాలి, ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన ఉన్న ఇంటి మనిషైనా కావాలి. రెండూ కుదరకపోతే లారీ కింద పడి చనిపోవాలి. ఈ మూడింట్లో ఒక్కటీ చేతకాని మనిషికి భృతి ఇవ్వలేదని సర్కారు మీద అలగడం ఏం న్యాయం?

మొదటి అర్హత చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని అయితే పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. మామూలు పిల్లలకైతే పద్దెనిమిదేళ్లు దాటితే అది వర్తించదు, వైకల్యం ఉన్న బిడ్డకు ఆ వయోపరిమితి లేదు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. అంతేకాదు, వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించాలని 2014లోనే ఉత్తర్వులిచ్చారు. 2018లో ఆ వెసులుబాటును తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, తోబుట్టువుల దాకా పెంచారు. చాలా మంచి ఉత్తర్వులు, వెక్కిరించడానికేమీ లేదు. రోగిని చూసుకోవడం మనిషి సమయాన్ని, సంపాదనను తినేసే పని అని ప్రభుత్వం తన సొంత ఆఫీసులో ఒప్పుకుంది. ఆఫీసు గేటు దాటి అదే ప్రభుత్వం బయటికి రాగానే, అదే పని కూలి మానుకున్న మనిషి చేస్తుంటే, దాన్ని కుటుంబ విలువలు అని పిలుస్తోంది. రెండో అర్హత ఆదాయపు పన్నుది. ఆధారపడిన వికలాంగుడి పోషణకు 80డీడీ కింద 75 వేల రూపాయలు, వైకల్యం తీవ్రమైతే లక్షా 25 వేలు మినహాయింపు ఉంటూ వచ్చింది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్త విధానంలోకి మారితే లేదు. అసలు పన్ను కట్టేంత రాబడే లేని ఇంటికి మినహాయింపు దేని మీద ఇస్తారు? అవసరం ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువగా అందేలా ఏర్పాటు చేయడం మామూలు బుర్రలకు తట్టేది కాదు.

మూడో అర్హత దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను పనిచేయని వాళ్ల పద్దులో బిచ్చగాళ్లతో, వేశ్యలతో, ఖైదీలతో కలిపి చూపారని 2010లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు నొచ్చుకుంది. నొచ్చుకోవాల్సిన సందర్భం ఏమిటంటే, ఒక గృహిణి రోడ్డు ప్రమాదంలో చనిపోయింది, పరిహారం లెక్కకట్టాలి. అంతకుముందు 2001లో, జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో, ఇల్లాలి సేవలకు నెలకు మూడు వేలని కోర్టు విలువ కట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఇలాంటి మరో కేసులో విడిగా రాసిన అభిప్రాయంలో 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేను ముందు పెట్టారు. జీతం లేని ఇంటి పని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ల సంరక్షణ మీద ఆడవాళ్లు 134, మగవాళ్లు 76. తెలుగు న్యాయమూర్తి కలం నుంచి వచ్చిన ఆ పేజీలు చదివితే, మనింటి ఆవిడ పనికి రూపాయల్లో విలువ ఉందన్న సంగతిలో ఇక సందేహం మిగలదు. చిక్కల్లా ఆ విలువ తేలేది ఆవిడ పోయాకే కావడం. బతికుండగా సున్నా, చనిపోయిన మర్నాటి నుంచి నెలసరి ఆదాయం. పైగా అప్పుడు కూడా చెక్కు ఆమె పేరున రాదు.

చట్టమే లేదా అంటే, ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చేలా పథకాలు పెట్టాలని రాసి ఉంది. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అనే మాట ఉంది. చట్టం రాసినవాళ్లు ఖజానా మీద చూపిన ఈ కనికరం మరో 24వ సెక్షన్‌లో కనపడదు. అది 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలోది. చూసుకోవాల్సినవాళ్లు వృద్ధులను గాలికి వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ కొడుకు ఆర్థిక స్తోమతకు లోబడి అని ఎవరూ రాయలేదు. నెంబరు ఒకటే గానీ, ఇవ్వాల్సింది సర్కారైతే స్తోమత చూసుకుంటుంది, చెయ్యాల్సింది ఇంటివాళ్లయితే పోలీసు చూసుకుంటాడు.

స్తోమత సంగతీ చూద్దాం. ఎనభై శాతం వైకల్యం ఉండి దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు కేంద్రం ఇచ్చే పింఛను వాటా 2012 నుంచి నెలకు మూడు వందలు, అంటే రోజుకు పది రూపాయలు. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో నేరుగా సంరక్షకులకే నెలకు ఆరు వందలు ప్రకటించి దేశానికి దారి చూపించింది, తర్వాత బకాయిల్లో పడింది. ఆంధ్రప్రదేశ్ ఇంకా ఉదారం. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు పదిహేను వేలు. తెలంగాణలో 2023 నుంచి వికలాంగులకు 4,016. ఇక్కడే పెద్దమనుషులు అడ్డం పడతారు: పదిహేను వేలు ఆ ఇంటికే పోతున్నాయి కదా, మళ్లీ ఆవిడకు వేరే ఎందుకు? ఆ డబ్బు రోగిది. మందులకు, డైపర్లకు, ఫిజియోథెరపీకి, ఆస్పత్రికి వెళ్లే ఆటోకు ఎటూ చాలదు. మిగిలినా అది ఆయన హక్కే. ఆమె మానుకున్న కూలి, కట్టుకోలేకపోయిన పీఎఫ్, తనకు అరవై దాటాక లేని ఆధారం, వీటి లెక్క వేరు. ఆయన కన్నుమూసిన నెల నుంచి ఆ పదిహేను వేలు ఆగిపోతాయి. పదేళ్లు చూసుకున్న కోడలికి అనుభవ ధ్రువపత్రం కూడా మిగలదు.

మమకారానికి వెల కడతారా అని మరో అభ్యంతరం. ఇది ఎక్కువగా చూసుకోనివాళ్ల నోటే వినిపిస్తుంది. సైనికుడికి జీతమిస్తే దేశభక్తి తగ్గిందని గానీ, అర్చకుడికి గౌరవ వేతనమిస్తే దేవుడు నొచ్చుకున్నాడని గానీ ఎవరూ అనరు. ఆడమనిషి చేసే పని మీద మాత్రమే డబ్బు పడగానే ప్రేమ విరిగిపోతుందట. అసలు అభ్యంతరం మూడోది: ఇస్తే దొంగలు పడతారు. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లలో మోసాలు లేవనడానికి వీల్లేదు, అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాలను మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకే పంపి పింఛన్లను మళ్లీ తనిఖీ చేశారు. కానీ అది వైకల్య శాతం మీద మోసం, సంరక్షణ మీద కాదు. కదలలేని మనిషి ఒంటి మీద పుండు పడకుండా బతికున్నాడంటే ఎవరో చూస్తున్నట్టే లెక్క, ఆ రోగి ఒళ్లే సాక్ష్యం. ఇంటికెళ్లిన బృందానికి తలుపు తీసిన మనిషి పేరు, ఆధార్ నెంబరు అదే కాగితం మీద రాసుకుంటే కొత్త దరఖాస్తు అక్కర్లేకుండానే పని సగం అయిపోయేది.

అలా తేలిగ్గా అవకూడదనుకుంటే బ్రిటన్ అనుభవం అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ 1976లోనే సంరక్షకుల భృతి పెట్టి, పెళ్లయిన ఆడవాళ్లకు లేదన్నారు, వాళ్లెలాగూ ఇంట్లోనే ఉంటారని. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి 1986లో గెలిస్తే తప్ప ఆ నిబంధన పోలేదు. ఈ రోజుకీ వారానికి 35 గంటలు చూసుకోవాలి, 2025-26లో చేతికొచ్చింది 83 పౌండ్ల 30 పెన్నీలు. ఆ ఏడాది వేరే పని మీద వారానికి 196 పౌండ్లకు ఒక్క పౌండు మించి సంపాదిస్తే ఆ వారం భృతి మొత్తం పోయేది. ఆ గీత తెలియక దాటిన వాళ్లలో లక్షమందికి పైగా నెత్తిన తిరిగి కట్టాల్సిన అప్పు పడింది. మన అధికారులు తల్చుకుంటే ఇంతకన్నా పకడ్బందీగా రాయగలరు. ఆదాయ ధ్రువీకరణ, రేషన్ కార్డు, సదరం, వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ, వేలిముద్ర, చివర్లో దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలన్న చిన్న షరతు. రోగిని వదిలి ఆవిడ సచివాలయానికి వస్తే, ఒంటరిగా ఉండగలిగిన మనిషికి సంరక్షకురాలు దేనికని రాసి తిరస్కరించవచ్చు. రాకపోతే హాజరు కానందున దరఖాస్తు ముగించడమైనదని రాయవచ్చు.