ఇత్తడి బిళ్ల కింద

చెక్కకి బెజ్జం పెట్టేటప్పుడు పాడయ్యేదంతా ఆఖరి నూలు మందంలోనే. బిట్టు దిగిన వైపు ఎంత నున్నగా ఉన్నా, అది పైకి తేలిన వైపు పేడు లేచిపోతుంది. భావనపాడులో పడవ పని ఎరిగిన ఏ ముసలాయన్ని అడిగినా ఈ సంగతి చెబుతాడు. నేను అడగలేదు. హైస్కూల్లో ఏళ్ల తరబడి పిల్లలకు పీడనం పాఠం చెప్పినవాణ్ణి. మేకు మొన ఎందుకు సన్నగా ఉంటుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పినవాణ్ణి. నాకొకరు చెప్పేదేమిటి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి మా నాన్నగారి పెంకుటింటి కప్పు ఎగరగొట్టింది గానీ, వీధి తలుపుల జోలికి పోలేదు. పాతకాలపు టేకు. అంగుళంన్నర మందం, నిలువునా ఒకే పలక. రిటైరయ్యాక అందులో ఒక రెక్కని ఉయ్యాల బల్ల చేద్దామని బుద్ధి పుట్టింది. పెద్ద పనేముంది? చిత్రిక పట్టించి పాలిష్ కొట్టించడం అయిపోయింది. నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు పెట్టి, గొలుసుల కొక్కేలు దిగేస్తే సరి. దానికి వడ్రంగికి డబ్బులెందుకని టెక్కలి వెళ్లి డ్రిల్లు మిషను కొనుక్కొచ్చాను. పెట్టెలో బిట్లు కూడా ఇచ్చారు. అన్నీ మెరుస్తున్నాయి. అందులో లావుపాటిది తీసి బిగించాను.

అది గోడలకు పెట్టే బిట్టు. దాని మొనకి అతికించిన గట్టి బిళ్ల కొయ్యదు, దంచుతుంది. చెక్క బిట్టు తీరు వేరు. నడుమ సూది మొన, ఆ మొనకి అటూ ఇటూ రెండు చిన్న కత్తులు ఉంటాయి. సూది బిట్టును పక్కకి జారనివ్వదు. కత్తులు ముందే గుండ్రంగా పీచును తెగ్గోస్తాయి, ఆ తరవాతే లోపలి చెక్క పైకి లేస్తుంది. ఆ తేడా చూడ్డానికి కళ్లజోడు పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. పైగా మిషను మీద మీట సుత్తి బొమ్మ దగ్గరే ఉండిపోయింది. అంటే తిప్పడంతో పాటు మోదడం కూడా.

ఇంతకన్నా గొప్ప పని ఇంకోటి చేశాను. పాలిష్ పెట్టిన ముఖానికి గీత పడకూడదని బల్లని బోర్లించి, కింద ఇసకలో గోనెపట్టా మడతపెట్టి పరిచాను. పది మందీ చూడాల్సిన వైపును, పేడు లేచే వైపుగా నేనే ఏర్పాటు చేసుకున్నానన్నమాట!

మా వీధిలో ఒకప్పుడు పడవలు కట్టిన పెద్దాయన ఉన్నాడు. ఇప్పుడు రేవు నిండా ఫైబర్ పడవలే కాబట్టి ఆయన బాడిస చూరులోనే ఉంటుంది. చుట్ట వెలిగించుకుని వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"మేస్టారూ, కింద ముక్కేది?"

"ఇది బరమా కాదు పెద్దయ్యా, మిషను."

ఆయన మరి మాట్లాడలేదు. నా నోటికి అంతటితో తృప్తి కలగలేదు. మీట నొక్కబోతూ, ఈ తీరంలో వెనకటికి మేకు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవలు ఉండేవని ఆయనకే పాఠం మొదలెట్టాను. కళింగపట్నంలో ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు ఒడ్డుకి చేర్చినవి అలాంటి పడవలేనన్నాను. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరు జేమ్స్ హార్నెల్ 1920లో అచ్చయిన తన పుస్తకంలో వాటి గురించి రాశాడన్నాను. అల కొట్టి ఇసకలో పడేసినా పలక విరగకుండా వంగాలి, అందుకే కొబ్బరితాటి కుట్టు అని కూడా వివరించాను. కుట్టాలంటే పలక అంచు పొడుగునా బెజ్జాలుండాలి. అంచు దగ్గర బెజ్జం పెట్టి పలక చీలకుండా చూడ్డమే ఆ పనిలో పనితనం. ఈ ఆఖరి మాట మాత్రం నాకు అప్పుడు తోచలేదు.

మీట నొక్కాను. పొగ లేచింది. కాలిన టేకు వాసన బాగానే ఉంది గానీ, బిట్టు దిగదు. బలం చాల్లేదనుకుని రొమ్ము ఆనించి నొక్కాను. ఉన్నట్టుండి పట్టు వదిలింది, మిషను మూతి దబ్బున చెక్కకి తగిలింది. నున్నటి బెజ్జం! మహా సంబరపడిపోయి అదే ఊపులో మిగతా మూలలూ కానిచ్చి, అప్పుడు బల్ల తిప్పాను.

ఒక్కో బెజ్జం చుట్టూ పాలిష్‌తో సహా వేలెడు పేళ్లు లేచి ఉన్నాయి. అంచుకి దగ్గరగా పెట్టిన చోట చీలిక అంచుదాకా పాకింది. పీచు కింద పీచు ఉన్నంతసేపూ ఒకదానికొకటి ఆసరా. ఆఖరి పొర దగ్గరికొచ్చేసరికి దాని కింద ఏమీ లేదు, మెత్తటి గోనె తప్ప. మొద్దు బిట్టు దాన్ని కొయ్యలేక తోసేసింది. పీడనం పాఠం చెప్పిన నోటితో ఇది ముందే చెప్పుకోవాల్సింది.

పెద్దాయన అడిగిన ముక్క అదే. పనికిరాని గట్టి చెక్క ఒకటి కింద ఆనించి, రెండింటినీ కలిపి బిగిస్తే, బల్ల ఎక్కడ అయిపోయిందో బిట్టుకి తెలీదు. అదీ కాదంటే, సూది మొన అవతల చుక్కలా కనబడగానే ఆపి, బల్ల తిప్పి, ఆ చుక్కలోంచే ఇవతలికి రావాలి. మిషను వేగంగా తిరగాలి, చెయ్యి మాత్రం తేలిగ్గా ఉండాలి. నేను సరిగ్గా తిరగేసి చేశాను. పల్చటి ప్లైవుడ్‌కైతే టేపు అంటించినా కొంత ఆగుతుందట గానీ, నా నొక్కుడుకి ఏ టేపూ ఆగదు.

తరవాత చెక్క బిట్టు కొని, కింద ముక్క పెట్టి, తుక్కు చెక్కల నిండా బెజ్జాలు పొడిచాను. అన్నీ అద్దంలా వచ్చాయి. వాటితో ఏం చేసుకోను? బల్ల మీది పేళ్లని జిగురూ రంపపు పొట్టూ కలిపి పూడిస్తే మచ్చలు ఇంకా బాగా కనబడ్డాయి. చివరికి చెయ్యంత ఇత్తడి బిళ్లలు నాలుగు చేయించి పైన బిగించాను. వడ్రంగి కూలీ మిగిలిందనుకున్నది ఇత్తడికి సరిపోయింది, ఇంకొంచెం పైనే అయింది.

వచ్చిన చుట్టాలందరికీ ఆ బిళ్లలే నచ్చాయి. పాతకాలపు పనితనమని మా వియ్యంకుడుగారు ఫోటో కూడా తీసుకున్నారు. నేను కాదనలేదు. అప్పుడే పెద్దాయన వచ్చి, ఉయ్యాల ఎక్కకుండా ఒక మూల వంగి బిళ్ల మీద గోటితో కొట్టి చూశాడు.

"బిళ్లలు బాగున్నాయి మేస్టారూ. కింద ఏటి దాసీసినారు?"